చల్లదనం పుట్టేది మరిగే చోటే

ఉప్పలగుప్తం మండలంలో వనామి రొయ్యల చెరువు పట్టుబడికి రోజు ఖాయం చేసుకున్న రైతు ముందుగా చూసుకోవాల్సింది ఐసు. ఎస్.యానాం తీరం వైపు చెరువైనా, గొల్లవిల్లి వైపు చెరువైనా లెక్క ఒకటే. నీళ్లలోంచి తీసిన రొయ్య ఎంత త్వరగా సున్నా డిగ్రీల దగ్గరికి దిగితే అంత గట్టిగా ఉంటుంది. ఆలస్యమైతే తల నల్లబడుతుంది, కండ మెత్తబడుతుంది, ధర తగ్గుతుంది. అందుకే కోనసీమ రొయ్యల వ్యాపారం చెరువుల మీద ఎంత నిలబడిందో ఐసు ఫ్యాక్టరీల మీద కూడా అంతే నిలబడింది. ఆ ఫ్యాక్టరీలో చలిని పుట్టించేది మరిగే ద్రవం. ఉప్పునీటి ట్యాంకులో మునిగి ఉన్న ఇనుప కాయిళ్ల లోపల అమ్మోనియా సున్నాకు చాలా దిగువన సలసలా మరుగుతూ, చుట్టూ ఉన్న నీటి వేడిని లాగేసుకుంటుంది. ఆ మరుగు ఎంత బాగా సాగుతుందనేది గొట్టం గోడకూ ద్రవానికీ మధ్య ఉన్న పలచని ఉపరితలం మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఉపరితలాన్ని సూక్ష్మంగా చెక్కి, పూతపూసి మరుగును పెంచే విద్యకు దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. ఇప్పుడు కంప్యూటర్ చిప్పుల వేడి పెరగడంతో ఆ విద్యకు కొత్త గిరాకీ వచ్చింది. ఈ వ్యాసం వాదన ఇది: మంచి ఉపరితలం చలిని సృష్టించదు, వేడి ప్రయాణంలో వృథా అయ్యే డిగ్రీలను మిగులుస్తుంది. ఆ డిగ్రీలే చివరికి కరెంటు బిల్లు. అయితే డిగ్రీలు ఎక్కడ వృథా అవుతున్నాయో కొలవకుండా ఉపరితలం మీద పెట్టే ఖర్చుకు ఫలితం ఉండదు.

మరుగుకు ఇంత విలువ ఎందుకో ముందు చూద్దాం. కిలో నీటిని పది డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 42 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి 2257 కిలోజౌళ్లు కావాలి, అంటే యాభై రెట్లకు పైగా. పైగా మరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత పెరగదు. ద్రవం వేడెక్కకుండానే బోలెడంత వేడిని మోసుకుపోతుంది. అమ్మోనియాకు కూడా ఈ గుణం పుష్కలంగా ఉంది. మామూలు వాతావరణ పీడనంలో అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పీడనాన్ని రెండు మూడు రెట్లు పెంచితే మైనస్ 15, మైనస్ 10 దగ్గర మరుగుతుంది. 30 డిగ్రీల నీటిని మైనస్ 8 డిగ్రీల ఐసుగా మార్చాలంటే టన్నుకు సుమారు 476 మెగాజౌళ్ల వేడి తీసెయ్యాలి. అందుకు దాదాపు 360 కిలోల అమ్మోనియా ద్రవం కాయిళ్లలో ఆవిరి కావాలి. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి నొక్కుతుంది, కండెన్సర్ మళ్లీ ద్రవం చేస్తుంది, అదే అమ్మోనియా తిరిగి కాయిళ్లలోకి వస్తుంది. కరెంటు ఎక్కువగా తాగేది కంప్రెసర్. అమ్మోనియా ఎంత చల్లగా మరగాల్సి వస్తే కంప్రెసర్ అంత ఎక్కువ శ్రమపడాలి. మరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పైకి తేగలిగితే కంప్రెసర్ కరెంటు సుమారు మూడు శాతం ఆదా అవుతుందన్నది శీతలీకరణ ఇంజనీర్లు వాడే లెక్క. ఉపరితలం గురించిన చర్చంతా ఈ డిగ్రీల కోసమే.

బుడగ పుట్టడం అంత తేలిక కాదు. ద్రవం మధ్యలో ఒక చిన్న ఆవిరి బుడగ నిలబడాలంటే దాన్ని నలిపేసే తలతన్యతను ఎదుర్కోవాలి. బుడగ ఎంత చిన్నదైతే ఆ ఒత్తిడి అంత ఎక్కువ. అద్దంలా నున్నగా ఉన్న లోహం మీద నీరు 100 డిగ్రీలు దాటి చాలా దూరం వేడెక్కినా మరుగు మొదలవకపోవచ్చు. అదే లోహం మీద కంటికి కనపడని గుంటలుంటే, వాటిలో చిక్కుకున్న కాస్త ఆవిరో గాలో బుడగకు విత్తనంలా పనిచేస్తుంది. ఐదు మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న గుంటలో నీటి బుడగ పెరగడానికి గోడ సుమారు ఆరున్నర డిగ్రీలు అదనంగా వేడిగా ఉంటే చాలు. గుంట ఒక మైక్రానే అయితే దాదాపు 33 డిగ్రీలు కావాలి. అంటే సరైన కొలతలో గుంట చెక్కితే గోడకూ ద్రవానికీ మధ్య ఉండాల్సిన తేడా పదుల డిగ్రీల నుంచి కొద్ది డిగ్రీలకు దిగుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. అమ్మోనియా, చిప్పుల చల్లదనానికి వాడే ఫ్లోరిన్ ద్రవాలు లోహాన్ని బాగా తడుపుతాయి. మామూలు గుంటలోకి అవి పూర్తిగా చొరబడి, చిక్కుకున్న ఆవిరిని తోసేస్తాయి. అప్పుడు విత్తనమే ఉండదు. అందుకే మూతి ఇరుకుగా, లోపల విశాలంగా ఉండే గుంటలు, ఉపరితలం కింద సన్నని సొరంగాలు, పైన చిన్న రంధ్రాలు రూపొందించారు. బుడగ వెళ్లిపోయాక కూడా సొరంగంలో కొంత ఆవిరి మిగిలి ఉంటుంది, తరువాతి బుడగ దానిలోంచే మొలుస్తుంది.

మరుగుకు ఒక పైహద్దు కూడా ఉంది. 1934లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో తొహోకు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త షిరో నుకియామా నీటిలో సన్నని లోహపు తీగను ముంచి, దానిలో కరెంటు పెంచుతూ పోయి ఆ హద్దును కొలిచి చూపాడు. కరెంటు పెరిగేకొద్దీ బుడగలు ఎక్కువై వేడి బాగా పోతుంది. ఒక దశ దాటాక బుడగలన్నీ కలిసిపోయి తీగ చుట్టూ ఆవిరి పొరగా మారతాయి. నీరు లోహాన్ని తాకలేదు, తీగ ఒక్కసారిగా ఎర్రగా కాలిపోతుంది. బాగా కాలిన పెనం మీద చిలకరించిన నీటి చుక్క వెంటనే ఇగిరిపోకుండా ఉండలా దొర్లేది ఈ ఆవిరి పొర వల్లే. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లోనే దీన్ని వర్ణించాడు. మామూలు పీడనంలో నున్నని లోహం మీద నీటికి ఈ హద్దు చదరపు సెంటీమీటరుకు సుమారు 100 వాట్లు. చిప్పులకు వాడే ఎఫ్‌సీ-72 లాంటి ఫ్లోరిన్ ద్రవానికైతే 15 నుంచి 20 వాట్ల మధ్యే. కాబట్టి ఉపరితలాన్ని తీర్చిదిద్దే వారి ముందు రెండు లక్ష్యాలున్నాయి. ఒకటి, తక్కువ తేడాతోనే మరుగు మొదలవ్వాలి. రెండు, ఆవిరి పొర ఏర్పడే హద్దు పైకి జరగాలి.

ఈ రెండు లక్ష్యాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. బుడగలు తేలిగ్గా పుట్టాలంటే నీటిని వికర్షించే ఉపరితలం మంచిది. ఆవిరి పొర రాకుండా ఆపాలంటే నీటిని ఆబగా పీల్చే ఉపరితలం మంచిది, ఎందుకంటే బుడగ లేచిన చోటికి ద్రవం వెంటనే చేరాలి. గుంటలు ఒత్తుగా పెడితే బుడగలు ఒకదానికొకటి కలిసిపోతాయి. దూరంగా పెడితే వాటి సంఖ్య చాలదు. 2022లో అమెరికాలోని ఎంఐటీలో ఎవెలిన్ వాంగ్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ తగువును మూడు అంచెల్లో తీర్చింది. సుమారు పది మైక్రాన్ల వెడల్పున్న గుంటలను దాదాపు రెండు మిల్లీమీటర్ల ఎడంతో ఏర్పరచారు. అందువల్ల బుడగలు కలిసిపోవు. ఆ గుంటల చుట్టూ ద్రవాన్ని లాక్కొచ్చే సూక్ష్మ స్తంభాలు, వాటన్నిటి మీద నానో కొలతలో గరుకుదనం ఏర్పరచారు. బుడగ పుట్టే చోటు ఒకటి, నీరు వచ్చే దారి మరొకటి అయ్యాయి. దానితో మరుగు వేగం, హద్దు రెండూ కలిసి పెరిగాయి. ఇది ఇంకా ప్రయోగశాల స్థాయి పనేనని ఆ బృందమే స్పష్టంగా చెప్పింది. అయినా దీనిలోని సూత్రం విలువైనది. ఉపరితలమంతా ఒకే గుణంతో ఉండనక్కర్లేదు, పనిని బట్టి చోటును విభజించవచ్చు.

ప్రయోగశాలలో బాగున్నది పనిలో నిలుస్తుందా అన్నది మొదటి అభ్యంతరం, దానికి చారిత్రక ఆధారం కూడా ఉంది. 1931లో జర్మనీలో మాక్స్ యాకోబ్, ఫ్రిట్జ్ గరుకు చేసిన ఉపరితలాల మీద మరుగును పరీక్షించారు. ఇసుకతో గరుకు చేసిన దాని లాభం ఒక రోజులోనే పోయింది. గాడులు చెక్కినది మొదట మూడు రెట్ల మెరుగుదల చూపినా కొద్ది రోజుల్లో అదీ ఇగిరిపోయింది. నోరు తెరుచుకున్న గుంటల్లో ఆవిరి నిలవకపోవడమే కారణం. ఆ తరువాత పరిశ్రమ నేర్చుకున్న పాఠం, ఆవిరిని దాచుకోగల ఆకారమే కావాలని. 1968లో యూనియన్ కార్బైడ్ సంస్థకు చెందిన రాబర్ట్ మిల్టన్‌కు లోహపు పొడిని గొట్టం మీద వేడితో అతికించి చేసిన రంధ్రాల పూతకు పేటెంటు వచ్చింది. ఆ రకం గొట్టాలు దశాబ్దాలుగా రసాయన కర్మాగారాల్లో, సహజవాయువును ద్రవీకరించే చోట్ల పనిచేస్తున్నాయి. జపాన్, జర్మనీ, అమెరికా కంపెనీలు పూత లేకుండానే రాగి గొట్టం పైభాగాన్ని చెక్కి, రెక్కలు వంచి, కింద సొరంగాలు మిగిల్చే పద్ధతులు తెచ్చాయి. పెద్ద ఆసుపత్రుల్లో, ఆఫీసు భవనాల్లో నీటిని చల్లబరిచే భారీ చిల్లర్లలో ఇలాంటి చెక్కిన గొట్టాలు ఇప్పుడు మామూలే. కాబట్టి ఈ విద్య మన్నదన్న మాట పూర్తిగా నిజం కాదు. ఆకారం సరైనదైతే మన్నుతుంది.

మరి కోనసీమ ఐసు ఫ్యాక్టరీలో కాయిళ్లు తీసేసి ఇలాంటి గొట్టాలు బిగిస్తే సరిపోతుందా? ఇక్కడే తొందరపడకూడదు. కాలువ మీద నాలుగు లాకులుంటే, ఇరుకైన లాకును వదిలేసి వేరే లాకును వెడల్పు చేసినంత మాత్రాన శివారు పొలానికి నీరు పెరగదు. వేడి ప్రయాణమూ అంతే. ఐసు దిమ్మ తయారీలో వేడి ముందు ఐసు పొరను దాటాలి, తరువాత నీరు పోసి ముంచిన డబ్బా రేకును, ఆపైన దాని చుట్టూ ఉన్న ఉప్పునీటిని, చివరికి గొట్టం గోడను దాటి మరిగే అమ్మోనియాలోకి చేరాలి. ఐసు వేడిని అంత బాగా మోయదు. చదరపు మీటరుకు లెక్కిస్తే, ఐదు సెంటీమీటర్ల ఐసు పొర పెట్టే అడ్డు, ఒక మోస్తరుగా మరిగే అమ్మోనియా పెట్టే అడ్డుకు నలభై రెట్లకు పైనే ఉంటుంది. అందుకే దిమ్మ మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. 28 సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మ మైనస్ 9 డిగ్రీల ఉప్పునీటిలో గడ్డకట్టడానికి రెండు రోజులు పడుతుందని పాత ఇంజనీరింగ్ సూత్రమే చెబుతుంది. కాయిల్ ఉపరితలాన్ని ఎంత గొప్పగా చెక్కినా ఈ రెండు రోజులు ఒక రోజు కావు. ఉత్పత్తి వేగం పెరుగుతుందని చెప్పి ఎవరైనా పూత గొట్టాలు అమ్మజూపితే, దిమ్మ ఐసు విషయంలో ఆ మాట నమ్మదగినది కాదు.

అయితే ఉత్పత్తి వేగం వేరు, కరెంటు ఖర్చు వేరు. ఉప్పునీరు మైనస్ 10 దగ్గరా, అమ్మోనియా మైనస్ 15 దగ్గరా ఉన్నాయనుకుందాం. ఆ మధ్యలోని ఐదు డిగ్రీలు పూర్తిగా గొట్టం దగ్గర పోతున్న డిగ్రీలు. వాటిలో రెండు మిగిలినా కంప్రెసర్ కరెంటులో ఐదారు శాతం ఆదా. ఆ డిగ్రీలను తినేది చాలా చోట్ల అమ్మోనియా మరుగు కాదు, నూనె. కంప్రెసర్‌లోంచి కొద్దికొద్దిగా కొట్టుకొచ్చే ఖనిజ నూనె అమ్మోనియాలో కరగదు, దానికన్నా బరువు కాబట్టి కిందికి దిగి గొట్టం లోపలి గోడకు పట్టుకుంటుంది. మిల్లీమీటరులో పదో వంతు నూనె పొర పెట్టే అడ్డు, శుభ్రమైన గోడ మీద అదే మోస్తరు మరుగు పెట్టే అడ్డుకు ఒకటిన్నర రెట్లు. అంటే ఆ పలచని పొర ఒక్కటి అమ్మోనియా వైపు అడ్డును రెండున్నర రెట్లు చేస్తుంది. నూనె పట్టిన గోడ మీద ఎంత సూక్ష్మమైన గుంటలున్నా వాటిని నూనె పూడ్చేస్తుంది. కాబట్టి దిమ్మ ఐసు ఫ్యాక్టరీకి మొదటి ఉపరితల విద్య నూనెను క్రమం తప్పకుండా తీయడం, ఆయిల్ సెపరేటర్ సరిగా పనిచేసేలా చూడడం, ఉప్పునీటిని కదిపే అజిటేటర్‌ను పూర్తి వేగంతో నడపడం. వీటికి కొత్త పరిజ్ఞానం అక్కర్లేదు, శ్రద్ధ చాలు. మరో అడ్డంకి కూడా ఉంది. చిల్లర్ల కోసం అద్భుతంగా చెక్కిన గొట్టాల్లో చాలావరకు రాగివి. తేమ కలిసిన అమ్మోనియా రాగిని తినేస్తుంది. అమ్మోనియాకు ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం లాంటి లోహాలు పనికొస్తాయి. ఉక్కును అంత సన్నగా చెక్కడం కష్టం, ఖరీదు. అందుకే అమ్మోనియా ప్లాంట్లు గీతలు వత్తిన స్టెయిన్‌లెస్ పలకల మధ్య ద్రవాన్ని మరిగించే ఎవాపరేటర్ల వైపు మొగ్గుతున్నాయి. వాటిలో తక్కువ అమ్మోనియా పడుతుంది. లీకైతే ప్రాణాలకు ముప్పు తెచ్చే వాయువు విషయంలో అది చిన్న లాభం కాదు.

ఇరుకైన లాకు మారే చోటు ఫ్లేక్ ఐసు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో వాడే ఈ పెచ్చుల ఐసు మందం రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. డ్రమ్ము గోడకు ఒకవైపు శీతల ద్రవం మరుగుతుంటే, రెండో వైపు నీరు పలచగా గడ్డకడుతుంది, బ్లేడు దాన్ని వెంటనే గీకేస్తుంది. ఇక్కడ ఐసు పెట్టే అడ్డు, మరుగు పెట్టే అడ్డు దాదాపు ఒకే స్థాయిలోకి వచ్చేస్తాయి. ఐసు పలచనైన కొద్దీ మరుగు ఉపరితలానికి విలువ పెరుగుతుంది. పైగా పెచ్చుల ఐసు రొయ్యను అన్ని వైపులా తాకి త్వరగా చల్లబరుస్తుంది. దిమ్మను పగలగొట్టిన ముక్కల్లా పదునైన అంచులతో దాన్ని గీరదు. దిమ్మలకు కూడా వాటి ఉపయోగం వాటికుంది. అవి నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి దూరం వెళ్లే లారీలకు పనికొస్తాయి. రెండూ ఉండాల్సినవే. ఉపరితలం మీద కొత్తగా పెట్టే రూపాయి మాత్రం పెచ్చుల ఐసు యంత్రాల దగ్గర, ప్రాసెసింగ్ ప్లాంట్ల చల్లనీటి ఎవాపరేటర్ల దగ్గర ముందుగా పెట్టాలి.

ఇదే తర్కాన్ని విశాఖపట్నం దాకా తీసుకెళ్లవచ్చు. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. అక్కడికి వచ్చే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారి బయటికి పోవాల్సిందే. ఎన్‌విడియా హెచ్100 చిప్పును చూస్తే, 814 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క 700 వాట్ల వరకు తీసుకుంటుంది. సగటున చదరపు సెంటీమీటరుకు 86 వాట్లు. నున్నని లోహం మీద ఫ్లోరిన్ ద్రవం మోయగల 15, 20 వాట్లకు ఇది నాలుగైదు రెట్లు. ఇక్కడ దిమ్మ ఐసు లాంటి మందమైన అడ్డేమీ లేదు. వేడి పుట్టే చోటుకూ ద్రవానికీ మధ్య దూరం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. కాబట్టి ఉపరితలమే ఇరుకైన లాకు. 2021 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వాషింగ్టన్ రాష్ట్రంలోని క్విన్సీలో సర్వర్లను 50 డిగ్రీల దగ్గర మరిగే ద్రవంలో ముంచి నడపడం మొదలుపెట్టిందని ప్రకటించింది. అలాంటి తొట్టెల్లో చిప్పు వేడిని వెడల్పైన రాగి పలక మీదికి పరిచి, ఆ పలక మీద రంధ్రాల పూత వేస్తారు. పూత లేకపోతే ఆ పద్ధతి నిలబడదు.

ఈ మరుగు పద్ధతికి గట్టి అభ్యంతరాలు రెండు. మొదటిది ద్రవం గురించి. ఈ ఫ్లోరిన్ ద్రవాలు ప్రకృతిలో కుళ్లిపోని రసాయనాల జాబితాలోకి వస్తాయి. వాటి ప్రధాన తయారీదారు త్రీఎం 2025 చివరికల్లా ఆ తయారీ మానేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ఊరంత తొట్టెల్లో అలాంటి ద్రవాన్ని నింపే భవిష్యత్తును సమర్థించలేం. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. చిప్పు మీద సన్నని కాలువలున్న రాగి పలక బిగించి, మరగని నీటిని పంపిస్తే ఇవాల్టి చిప్పులకు సరిపోతోంది, ఇక మరుగు ఎందుకు? ఇవాళ్టికి ఆ మాట నిజమే. కానీ మరగని నీరు వేడిని మోసేకొద్దీ తానే వేడెక్కుతుంది. వేడి రెట్టింపైతే ప్రవాహాన్నీ పంపు కరెంటునూ పెంచాలి, లేదా లోపలికి చల్లటి నీటిని పంపాలి. విశాఖ లాంటి తేమ ఊళ్లో చల్లటి నీరు కావాలంటే చిల్లర్ నడపక తప్పదు. గోడకూ ద్రవానికీ మధ్య తేడాను మంచి మరుగు ఉపరితలం తగ్గిస్తే, 45 డిగ్రీల వేడి నీటితో కూడా చిప్పును కాపాడుకోవచ్చు. అప్పుడు చిల్లర్ లేకుండానే ఆ వేడిని బయటి గాలికి వదిలేయవచ్చు. అమ్మోనియా కాయిల్ దగ్గర మిగిలిన రెండు డిగ్రీలు చేసిన పనే ఇక్కడా జరుగుతుంది.

ద్రవం సమస్యకూ దారులున్నాయి. తక్కువ ద్రవాన్ని మూసిన గదిలో ఉంచి మరిగించడం ఒకటి. ల్యాప్‌టాప్‌లలో, ఖరీదైన ఫోన్లలో ఉండే వేపర్ చాంబర్ అదే. లోపల కొద్దిపాటి నీరు, గోడలకు రాగి పొడితో చేసిన రంధ్రాల పూత. ఒకచోట మరిగి, మరోచోట ద్రవమై, ఆ పూత గుండానే వెనక్కి వస్తుంది. ఉపగ్రహాల్లో ఇదే పనిని అమ్మోనియా నింపిన హీట్ పైపులు చేస్తున్నాయి. మరో దారి సిలికాన్‌లోనే సన్నని కాలువలు చెక్కడం. ఐఐటీ మద్రాసులో చదివి, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కూలింగ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌ను నడిపిన గరిమెళ్ల సురేశ్ బృందం 2018లో ప్రచురించిన పనిలో, అలాంటి కాలువల్లో విద్యుత్తును మోయని ద్రవాన్ని మరిగించి చదరపు సెంటీమీటరుకు 900 వాట్లకు పైగా వేడిని తీసింది. హెచ్100 చిప్పు సగటుకు ఇది పది రెట్లు.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే తీర్పు స్పష్టంగానే ఉంది. వేడి సాంద్రత ఎక్కువై, మిగతా అడ్డులు పలచబడిన చోట ఉపరితల విద్యకు సాటి లేదు. మందమైన ఐసు, నూనె పొర, కదలని ఉప్పునీరు ఉన్న చోట అది ఖరీదైన అలంకారం మాత్రమే. కోనసీమ ఐసు ఫ్యాక్టరీ యజమానులు ముందు చేయాల్సిన పని ఒక్కటే. ఉప్పునీటిలో ఒక థర్మామీటరు, అమ్మోనియా పీడనానికి ఒక నమ్మకమైన గేజి పెట్టి, రెండిటి మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో రోజూ రాసుకోండి. నూనె తీసిన తరువాత ఆ తేడా ఎంత తగ్గిందో చూడండి. కొత్త ఎవాపరేటర్ కొనేటప్పుడు ధరతో పాటు ఆ తేడా ఎంత ఉంటుందని అమ్మేవాణ్ని రాతపూర్వకంగా అడగండి. గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీలు విద్యార్థుల ప్రాజెక్టుల కోసం దూరం వెతకనక్కర్లేదు. పక్క ఊరి ఐసు ఫ్యాక్టరీలో ఈ కొలతలు తీసి, అమ్మోనియాకు సరిపడే ఉక్కు, అల్యూమినియం ఉపరితలాల మీద పని మొదలుపెట్టవచ్చు. మిగిల్చిన ప్రతి డిగ్రీ రైతు కొనే ఐసు ధరలోనూ, రాష్ట్రం పుట్టించాల్సిన కరెంటులోనూ కనిపిస్తుంది.